పాస్టర్ అనే మాటకు మా సారు చెప్పిన అర్థం

మొన్న మంగళవారం పొద్దున ఇంటి ముందు బైకు కడుగుతుంటే ఫోను మోగింది. సారు కూతురు. "పాస్టరుగారూ, నాయిన పోయిండు" అంది. టీ అడిగారట. ఆమె తెచ్చేలోపు కుర్చీలోనే తల వాల్చేశారట. బకెట్ నిండి నీళ్లు సందులోకి పారుతున్నా నల్లా కట్టేయాలని నాకు తోచలేదు. మా ఆవిడ వచ్చి కట్టేసి, నా మొహం చూసి "సారేనా?" అని మాత్రం అడిగింది.

ఇది చదివేవాళ్లలో చాలామందికి ఆయన తెలియదు. మేడ్చల్ సర్కారు బడిలో రిటైరయ్యేదాకా ఇంగ్లిష్ చెప్పారు. పదో తరగతిలో నాకూ చెప్పారు. ఇంకా పడుచు వయసులో ఉన్నప్పుడు క్యాథలిక్ ఫాదర్ కావాలని సెమినరీలో చేరి నాలుగేళ్లు చదివారు. లాటిన్ అక్కడే వంటబట్టింది. ఇంతలో వాళ్ల నాయిన చనిపోతే, వెనక ఉన్న తోబుట్టువుల కోసం చదువు ఆపి బయటికొచ్చేశారు. పెళ్లి మా సంఘంలోని అమ్మాయితో జరిగింది కాబట్టి మా చర్చికి వచ్చారు. ఫాదర్ కాలేదని ఏనాడూ బాధపడగా నేను వినలేదు. లాటిన్ మాత్రం ఆయన్ని వదల్లేదు, ఆయన మమ్మల్ని వదల్లేదు.

ఒకసారి నా బైకు మీద ఇద్దరం మేడ్చల్ నుంచి వస్తుంటే హైవే మీద సైరన్లు మోగించుకుంటూ మంత్రిగారి కార్లు వచ్చాయి. పోలీసులు మమ్మల్ని పక్కకు నెట్టేశారు. నాకు ఒళ్లు మండింది. సారు వెనక కూర్చుని ఒకటే నవ్వు. "మినిస్టర్ అంటే లాటిన్ల ఏందో ఎరికేనా? నౌకరు. గిన్నెలు అందించెటోడు. చర్చిల పాస్టర్లను గూడ మినిస్టర్ అంటరు, గదే మాట. నౌకరు పోతాండంటె మనల్ని పక్కకు జరుపుతాన్రు సూడు" అన్నారు. దుమ్ము తగ్గేదాకా నవ్వుతూనే ఉన్నారు.

రిటైరైనా జేబులో ఎర్ర పెన్ను ఉండేది. నేను అచ్చు వేయించిన పాటల కాగితం చేతికిస్తే పాడటం కంటే ముందు దిద్దేవారు. నలుగురిలో నన్ను "పాస్టరుగారూ" అని తప్ప పిలిచేవారు కాదు. ఇద్దరమే ఉంటే "బిడ్డా". కోపమొస్తే "అరేయ్". ఆ మూడో పిలుపు నేను పెద్దయ్యాక ఒక్కసారే విన్నాను. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది దాని గురించే.

చర్చిలో ఆయన కుర్చీ తలుపు పక్కన, చివరి వరుసలో. ముందుకు రమ్మని ఎందరు బతిమాలినా వచ్చేవారు కాదు. నెల మొదటి ఆదివారం మాకు బల్ల ఉంటుంది. ప్రభువును తలచుకుని రొట్టె విరిచి అందరికీ పంచుతాం. సారు అందరికంటే చివరన వచ్చేవారు. వచ్చే ముందు అందరికీ అందిందా లేదా అని వరుసలన్నీ ఒకసారి కళ్లతో చూసుకునేవారు. ఇది ఆయనకు బళ్లో ఉన్నప్పటి అలవాటే. పిల్లలంతా తిన్నాక గాని తన టిఫిన్ డబ్బా మూత తీసేవారు కాదు. ఎవరైనా తినకుండా కూర్చున్నారా, తన డబ్బా వాళ్ల ముందుకు వెళ్లిపోయేది. రెండుసార్లు నా ముందుకే వచ్చింది.

నేను పాస్టరైన కొత్తలో బైకు నంబరు ప్లేటు మీద పెద్దక్షరాలతో ఇంగ్లిష్‌లో 'పాస్టర్' అని స్టిక్కర్ వేయించుకున్నాను. చెకింగ్‌లో పోలీసులు కాస్త మర్యాదగా మాట్లాడతారని ఒక ఆశ. అబద్ధమెందుకు, నాకు ఆ మాట చూసుకుంటే మురిపెంగా కూడా ఉండేది. సారు దాని ముందు ఆగి, కళ్లజోడు సవరించుకుని చదివారు.

"గీ మాటకు అర్థమేంది పాస్టరుగారూ?"

"సంఘ కాపరి, సార్."

"కాపరి మన తెలుగు మాట. నేనడిగేది లాటిన్ మాట. ఏ క్రియ నుంచి వచ్చింది?"

నాకేం తెలుసు. ఇంటికెళ్లి ఫోన్లో వెతికి, మరునాడు "గొర్రెల కాపరి అని ఉంది సార్" అన్నాను. "అది సగమే. మిగతా సగం అవసరమైననాడు చెప్త" అన్నారు. మూడు నాలుగేళ్లు ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

ఆ అవసరం మూడేళ్ల కిందట, బోనాల నెలలో వచ్చిపడింది.

మా సంఘంలో ఒకామె ఉంది. అందరూ రొట్టెలక్క అంటారు. దుండిగల్ వైపు ఒక కాలేజీ హాస్టల్ వంటింట్లో చపాతీలు చేస్తుంది. పొద్దున ఐదింటికల్లా షేర్ ఆటో ఎక్కుతుంది. భర్త లేడు. రావల్కోల్‌లో తల్లితో ఉంటుంది. రొట్టెలక్క పెళ్లి తర్వాత క్రైస్తవంలోకి వచ్చింది, తల్లి రాలేదు. ఒకే కప్పు కింద ఒకరు మోకరించేవారు, ఒకరు పోచమ్మకు దండం పెట్టేవారు. వాళ్లిద్దరికీ దానితో ఏ తకరారూ లేదు. మా బల్లకు పులియని రొట్టె నెలనెలా చేసి తెచ్చేది ఈమే. తెల్లగుడ్డలో చుట్టి, ఇంకా వేడి తగ్గకముందే మా ఆవిడ చేతికిచ్చేది.

ఆ ఏడాది బోనాలనాడు రొట్టెలక్క నెత్తిన బోనం ఎత్తుకుని నడుస్తున్న వీడియో ఎవరో తీశారు. అది మా సంఘం వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. శనివారం సాయంత్రం సంఘ సెక్రటరీ ఇంకో ముగ్గురు పెద్దల్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. మేం కూడుకునే హాలు అతనిదే. ఆ హాలు వెనక గదుల్లోనే మా కాపురం.

"సూసిన్రు గదా పాస్టరుగారూ. ఇగ ఆమెను బల్లకు రానియ్యొద్దు. ఆరు నెలలు దూరం పెట్టుండ్రి" అన్నాడు.

"ఒకసారి ఆమెను అడిగి చూద్దాం అన్నా."

"అడిగేదేముంది? వీడియోల కనవడ్తలేదా? మీతోని గాకుంటె చెప్పుండ్రి, చేసెటోళ్లను తెచ్చుకుంటం."

లోపల మా ఆవిడ చంటిదాన్ని జోకొడుతోంది. ఆ చప్పుడు ఆగిపోయింది. తలుపు వెనక నిలబడి వింటోందని తెలిసింది. నేను సరేనన్నాను. నా పిరికితనానికి మంచి పేర్లు పెట్టుకోవడం నాకు బాగా చేతనవును. ఆ సాయంత్రం దానికి సంఘ క్రమశిక్షణ అని పేరు పెట్టాను.

మరునాడే బల్ల. ముందుగా ఆమెకు ఫోను చేసి చెప్పవలసింది. ఆ మాత్రం పని కూడా చేయలేకపోయాను. పొద్దున్నే చెబుదాంలే అనుకున్నాను. పొద్దున్నే ఆమె వచ్చింది, చేతిలో తెల్లగుడ్డ మూటతో. "ఇయాల గోధుమపిండి మంచిగొచ్చింది పాస్టరుగారూ, మెత్తగైనయి" అంది. నేను ఏదో పని ఉన్నట్టు మైకు వైరు సర్దుకుంటూ తల ఊపాను. మా ఆవిడ ఆ మూట అందుకుని నావైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

ఆరాధన మొదలైంది. ముందు వరుసలో సెక్రటరీ, చేతులు కట్టుకుని. పాటలు అయ్యాయి, వాక్యం అయింది. ఏం బోధించానో నాకే తెలియదు. అలవాటు ప్రకారం ముందుగా నేను తిని, పళ్లెం పట్టుకుని వరుసల వెంట నడిచాను. ఒక్కొక్కరి చేతుల్లో ఒక్కో ముక్క పెడుతున్నాను. మూడో వరుస వచ్చింది. రొట్టెలక్క కళ్లు మూసుకుని రెండు చేతులూ దోసిలి పట్టి ఉంది. వేళ్ల సందుల్లో ఇంకా పిండి ఉంది.

నేను పళ్లెం పక్కావిడ ముందుకు జరిపాను.

ఆమె కాసేపటికి కళ్లు తెరిచింది. నేను మర్చిపోయాననుకుంది కాబోలు, చేతులు అట్లాగే ఉంచింది. నేను తర్వాతి వరుసలోకి వెళ్లిపోయాను. వెనక గుసగుస లేచింది. ఎవరో ఆమె చెవిలో చెప్పినట్టున్నారు. తిరిగి చూసే ధైర్యం నాకు లేదు. కుర్చీ జరిగిన చప్పుడు, బయటికి వెళ్తున్న అడుగుల చప్పుడు విన్నాను.

చివరన తలుపు పక్క సారు లేచి వచ్చారు. ముక్క ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, నాకు మాత్రమే వినపడేట్టు అడిగారు.

"రొట్టె ఎవలు జేసిన్రు?"

ఆయన ఆ ముక్క తినలేదు. జేబురుమాలు తీసి, దాంట్లో మడతపెట్టి, బయటి మెట్ల మీదికెళ్లి కూర్చున్నారు. ఆరాధన అయి జనమంతా వెళ్లిపోయేదాకా అక్కడే ఉన్నారు. సెక్రటరీ పోతూ పోతూ నా భుజం తట్టి "మంచిగ జేసిన్రు" అన్నాడు. ఛీ, ఆ చెయ్యి భుజం మీద పడ్డప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది.

నేను వెళ్లి మెట్టు మీద సారు పక్కన కూర్చోబోయాను.

"నిలబడరా అరేయ్" అన్నారు.

నిలబడ్డాను. నలభై దాటినవాణ్ణి, మెళ్లో టైతో, పదో తరగతి పిల్లాడిలా నిలబడ్డాను.

"ఆ మాటకు మిగతా సగం అడిగితివి గదా, ఇను. లాటిన్ల పాస్కో, పాస్కెరె. అంటె మేపుడు. తిండి పెట్టుడు. పాస్టర్ అంటె మేపెటోడు. గడ్డి బీడును ఇంగ్లిష్‌ల పాశ్చర్ అంటరు గదా, అదిగూడ గీ ఇంట్ల పిల్లనే. కాపరి అన్నవనుకో, చేతుల కట్టె పట్టుకుని నిలబడొచ్చు. మేపెటోని చేతుల మేతుండాలె. మన సంస్కృతంల గోపాలుడు అంటం సూడు, దాంట్ల ఉన్న 'పా' గూడ దీని సుట్టమే అని మాకు చెప్పిన ఫాదర్ అంటుండె. పేరు ఎవలదైనా పని ఒకటే. నువ్వియాల ఏం జేసినవ్? రొట్టె జేసిన మనిషి చేతులకెల్లి రొట్టె గుంజుకుని, ఆమెనే ఉపాసం పంపినవ్."

నాకు కన్నీళ్లు ఆగలేదు. "హాలు వాళ్లది సార్. ఇల్లు వాళ్లది. ఎక్కడికి పోవాలి నేను?" అన్నాను.

"అది నాకు ఎరికలేదు బిడ్డా" అన్నారు, గొంతు తగ్గించి. "భయమైతదంటె కాదనను. నాగ్గూడ ఐతాంది. గని ఒక్కటి చెప్పు. బోనం ఎందుకెత్తుకున్నవని ఆమెను అడిగినవా?"

అడగలేదు. సంఘంలో ఎవరమూ అడగలేదు.

సారు జేబురుమాలు తీసి నా చేతిలో పెట్టారు. "నా ముక్క ఇది. పోయి ఇచ్చి రా. ఇప్పుడే. ఆగు, నేనూ వస్త" అని బైకు వెనక ఎక్కారు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. రావల్కోల్ దాకా గుంతల్లో ఎగిరెగిరి పడుతూనే వచ్చారు.

రొట్టెలక్క ఇంటి ముందు మంచం మీద ముసలావిడ పడుకుని ఉంది. మోకాలు ఇంత లావు వాచి, పసుపు పట్టు వేసి ఉంది. మమ్మల్ని చూసి లేవబోతే సారు వారించారు. "మోకాలికి ఏమైందవ్వా?" అని అడిగారు. అంతే, ఆవిడ మొదలుపెట్టింది.

"బోనం ఎత్తుకుని సగం దూరం పోయిన్నో లేదో, కాలు మడతవడ్డది బాంచెన్. కుండ కిందవడి పలిగితె ఇంకేమన్నున్నదా! నా పానం పోయినంత పనైంది. బిడ్డ ఎన్క వస్తాంటె ఉరికొచ్చి అందుకున్నది. ఓ చెయ్యి కుండకు, ఓ చెయ్యి నాకు. గుడి దాక నడిపిచ్చుకపోయింది."

వీడియోలో కుండ పట్టిన చెయ్యే కనిపించింది. తల్లిని పట్టిన చెయ్యి కనిపించలేదు.

రొట్టెలక్క గడపలో నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి. నేను తప్పయిందన్నాను. జేబురుమాలు విప్పి ముక్క ముందుకు చాపాను. ఆమె చేతులు చాపలేదు.

"అడిగితె చెప్పేదాన్ని గదా పాస్టరుగారూ. ఒక్కసారన్న అడిగిన్రా?" అంది. "అందరి ముందట పక్కకువెట్టి, ఇప్పుడు సాటుంగ పెడ్తరా? నేనేమన్న దొంగనా? ఎక్కడ ఇయ్యలేదో ఆడనే ఇయ్యుండ్రి. లేకుంటె నాకొద్దు."

సారు వైపు చూశాను. ఆయన తల ఊపారు. "ఆమె అన్నది సరే" అన్నారు. ఆ ముక్కను ఆయన మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంటికి వచ్చాక నంబరు ప్లేటు మీది స్టిక్కర్ గోళ్లతో గీకి తీసేశాను. జిగురు మరక ఇప్పటికీ పోలేదు.

మళ్లీ మొదటి ఆదివారం రావడానికి ఐదు వారాలు. ఆ ఐదు వారాలు మా ఇంట్లో అన్నం సయించలేదు. సెక్రటరీకి వీడియో వెనక ఉన్న సంగతి చెప్పాను. వింటే కదా! "సాకులు" అన్నాడు. "ఆమెకు బల్ల ఇచ్చిన్రంటె అదే దినం తాళాలు నాకిచ్చెయ్యుండ్రి" అన్నాడు. మా ఆవిడ గిన్నెలు అట్టపెట్టెలకెత్తడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం నేను, "ఇస్తానో లేదో నాకే తెలియదు, అప్పుడే సర్దుతున్నావేంటి?" అని కసిరాను. "నువ్వు ఇస్తవ్. ఇయ్యకపోతె నేనే పోత" అంది. సారు మాత్రం ఆ ఐదు వారాల్లో ఆ ఊసే ఎత్తలేదు. రోజూ సాయంత్రం వచ్చి, అరగంట కూర్చుని, టీ తాగి వెళ్లేవారు. అట్లా పక్కన కూర్చోవడం ఎంత బలమో అప్పుడు తెలిసింది.

ఆ ఆదివారం సెక్రటరీ బేకరీ నుంచి బ్రెడ్డు తెప్పించి బల్ల మీద పెట్టాడు. రొట్టెలక్క వస్తుందో రాదో తెలియదు. మొదటి పాట అవుతుండగా సారు లోపలికొచ్చారు. ఆయన వెనక ఆమె. ఆ ఒక్కరోజే సారు చివరి కుర్చీ వదిలి, మూడో వరుసలో ఆమెకు ఎదురుగా, నడవకు ఇవతల కూర్చున్నారు.

బల్ల వేళకు పళ్లెం చేతికి తీసుకున్నాను. నేను ముందుగా తినలేదు. ముందు వరుస దాటి, సెక్రటరీని దాటి, తిన్నగా మూడో వరుసకు వెళ్లాను. "అక్కా, తప్పు నాది. అడగకుండ దూరం పెట్టిన. నన్ను మన్నించు" అని మైకు లేకుండానే అందరికీ వినపడేట్టు అన్నాను. ఆమె కళ్లు మూసుకోలేదు. నన్నే చూస్తూ చేతులు చాపింది. ముక్క పెట్టాను.

సెక్రటరీ లేచి బయటికి నడిచాడు. అతని వెంట సగం హాలు ఖాళీ అయింది. మిగిలిన పదిహేడు మందికీ పంచి, చివరన సారు దగ్గరికొచ్చాను. ఆయన తన ముక్క అందుకుని, పళ్లెంలోంచి ఇంకో ముక్క తీసి, నా చేతిలో పెట్టారు.

"నువ్వుగూడ తిను బిడ్డా. అందరు తిన్నరు" అన్నారు, నాకు మాత్రమే వినపడేట్టు.

ఆ సాయంత్రమే తాళాలు ఇచ్చేశాం. ఇప్పుడు హైవే పక్క గోదాముల వెనక, ఒక రేకుల షెడ్డులో కూడుకుంటున్నాం. వానొస్తే వాక్యం వినపడదు. కానీ ఆనాటి నుంచి ప్రతి బల్లకూ అదే పద్ధతి నడిచింది. నేను మొదట తినను. అందరికీ అయ్యాక సారుకు నేను పెడతాను, నాకు సారు పెడతారు.

చనిపోవడానికి నాలుగు రోజుల ముందు చూడ్డానికి వెళ్లాను. ఆయాసంతో మాట తెగిపోతోంది. "ఈ బల్లకు రాలేనేమో" అన్నారు. ఇంటికే తెస్తానన్నాను. తల అడ్డంగా ఊపి, నా చెయ్యి పట్టుకున్నారు. "అది గాదు. నాకైతె నువ్వు తెచ్చి పెడ్తవ్. ఆడ నీకెవలు పెడ్తరు?" అన్నారు. "ముందు మీరు లేవండి సార్, పరేషాన్ చేయకండి" అని నవ్వించి వచ్చేశాను.

బుధవారం మట్టి ఇచ్చాం. ఎర్ర పెన్ను ఆయన జేబులోనే ఉంచింది కూతురు.

నిన్న ఆదివారం బల్ల. రొట్టెలక్క ఎప్పటిలాగే తెల్లగుడ్డ మూట తెచ్చింది. పళ్లెం పట్టుకుని అందరికీ పంచాను. పంచుకుంటూ అలవాటు కొద్దీ తలుపు పక్క కుర్చీ దాకా వెళ్లిపోయాను. కుర్చీ ఖాళీగా ఉంది. పళ్లెంలో రెండు ముక్కలు మిగిలి ఉన్నాయి. వెనక్కి తిరగాలని తెలుసు, ప్రార్థనతో ముగించాలని తెలుసు. పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఎవరో ముక్కు చీదుతున్నారు.

మూడో వరుసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆ చప్పుడు నాకు తెలుసు. రొట్టెలక్క లేచి, నడవ వెంట నడిచి వచ్చి, నా చేతుల్లోంచి పళ్లెం తీసుకుంది.

"మీరు తినలే పాస్టరుగారూ" అంది. "చేతులు సాపుండ్రి."

నేను రెండు చేతులూ దోసిలి పట్టాను.